రంగం తీరం నుంచి ‘మల్లీశ్వరి’కి అమృతోత్సవ హారతి

75 ఏళ్లుగా వాడని మల్లెల దండ ‘మల్లీశ్వరి’కి యాంగోన్ నగరంలోని తెలుగువారి తరఫున శుభాభినందనలు! 1951 డిసెంబర్ 20న తొలిసారి వెండితెర మీదికి వచ్చిన ఆ చిత్రరాజం 2026 డిసెంబర్ 20న అమృతోత్సవం జరుపుకుంటోంది. మనుషులకైతే ఇది మనవలచేత పాదాలకు మొక్కించుకునే వయసు. మల్లికి మాత్రం ఇంకా బావ చెయ్యి పట్టుకుని వానలో మండపంలోకి పరుగెత్తే వయసే. ఆ వయసు దాటని చల్లని తల్లికి మా అందరి అక్షింతలు.

కృష్ణదేవరాయల కాలం నాటి కథ, మద్రాసులో తీసిన చిత్రం. దానికి యాంగోన్ నది ఒడ్డున హారతి ఏమిటని ఎవరైనా అడగవచ్చు. జవాబు కథలోనే ఉంది. వీరాపురంలో మల్లి, నాగరాజు బావామరదళ్లు. చిన్నప్పటి నుంచీ ఒకరంటే ఒకరికి ప్రాణం. నాగరాజు చేతిలో విద్య ఉంది కానీ ఇంట్లో డబ్బు లేదు. పేదవాడికి పిల్లనివ్వనని అత్త ముఖం మీదే చెప్పింది. ఉలి పట్టుకుని, సంపాదించుకొస్తానని ఊరు విడిచి వెళ్లాడు నాగరాజు. మూట కట్టుకుని తిరిగి వచ్చేసరికి మల్లి లేదు, రాణివాసం పల్లకీ వచ్చి ఎత్తుకుపోయింది. ఈ కథ ఎక్కడో విన్నట్టు అనిపించని ఇల్లు మా వీధుల్లో ఒక్కటీ లేదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో ‘రంగం పోయాడు’ అనే మాటకు అర్థం ఇదే. మన పెద్దలు రంగూన్‌ను రంగం అనేవారు. రంగం పోయినవాళ్లంతా నాగరాజులే.

కోరంగి, కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి ఆవిరి ఓడలెక్కి వచ్చిన మన కూలీలకు ఇక్కడి దొరల కాగితాల్లో కోరంగీలనే పేరు స్థిరపడిపోయింది. ఓడరేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చారు, లాగుడుబళ్లు లాగారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే ఉంటే, అందులో తెలుగువారి వాటా పెద్దదే. ఒక్కొక్కడి వెనుక అటు ఒడ్డున ఒక మల్లి ఉండేది. కొందరు తిరిగి వెళ్లి తాళి కట్టారు. కొందరు వెళ్లేసరికి ఆలస్యమైపోయింది. కొందరు వెళ్లనే లేదు.

పోయిన ఆషాఢంలో ఒక సాయంత్రం. యాంగోన్ వాన సంగతి తెలిసిందే, ఆకాశం కుండలతో కుమ్మరించినట్టు కురుస్తుంది. మా వీధిలోని మేడల మీద నుంచి, కిందివాళ్లు లాగి పిలవడానికి వేలాడదీసిన తాళ్లన్నీ గాలికి ఊగుతున్నాయి. నాలుగో అంతస్తులో, మా మామ్మ ముందు స్టీలు గ్లాసుకు ఫోను ఆనించి ‘మల్లీశ్వరి’ పెట్టాను. బండి తిరునాళ్ల నుంచి ఇంటిదారి పట్టేదాకా కబుర్లు చెబుతూనే ఉంది. నాగరాజు ఊరు విడిచే ఘట్టం రాగానే మాట ఆగిపోయింది. పొయ్యి మీద టీ పొంగుతున్నా లేవలేదు. కాసేపటికి మెల్లగా అంది: ‘మా అయ్య కూడా ఓలి డబ్బుల కోసమేరా రంగం వచ్చింది. ఆయనకి పల్లకీ అడ్డం రాలేదు, అదే అదృష్టం.’

ఆ ఒక్క మాటలో సినిమా సారమంతా ఉంది. పేదరికం, ప్రేమ, అదృష్టం. ఈ మూడూ కలిసిన కథలు లోకంలో ఎన్నో వచ్చాయి. 2008లో వచ్చిన ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ ముంబయి మురికివాడ కుర్రవాణ్ని కోట్లు గెలిచే ఆటలో కూర్చోబెట్టి, 2009 ఆస్కార్ వేడుకలో 8 బహుమతులు గెలుచుకుంది. ఆ కుర్రవాడు జమాల్ కూర్చున్నది కోట్ల కోసం కాదు, తాను ప్రేమించిన లతిక ఎక్కడున్నా తనను చూస్తుందన్న ఆశతో. అందుకే ప్రపంచం అతణ్ని గుండెకు హత్తుకుంది. కానీ అంతకు 57 ఏళ్ల ముందే మన బి.ఎన్. రెడ్డిగారు అదృష్టాన్ని మరింత లోతుగా తరచి చూశారు. పేదవాడి గుమ్మంలోకి నడిచొచ్చిన అదృష్టమే అతని సర్వస్వాన్నీ ఎత్తుకుపోతే ఏమవుతుందని అడిగారు.

ఆ మండపం దృశ్యాన్ని ఒక్కసారి తలుచుకోండి. తిరునాళ్ల నుంచి వస్తూ బావామరదళ్లు వానకు పాత మండపంలో తలదాచుకుంటారు. ముందే అక్కడ ఇద్దరు బాటసారులున్నారు. ఒకరు మారువేషంలోని రాయలవారు, ఇంకొకరు అల్లసాని పెద్దనగారు. వాన హోరులో మల్లి ఆడి పాడుతుంది. బాటసారులు మురిసిపోతారు. మురిపెం పట్టలేని నాగరాజు, మల్లికి రాణివాసం పల్లకీ పంపమని రాయలవారికి చెప్పండని వేళాకోళంగా అనేస్తాడు. రాజుగారు ఆ మాటను మరచిపోలేదు. బంగారంతో, పరివారంతో పల్లకీ వచ్చింది. మల్లి తల్లి కళ్లలో దీపాలు వెలిగాయి. ఊరంతా అదృష్టమంది. ఆ అదృష్టం మల్లిని అంతఃపురమనే పంజరంలో పెట్టి తలుపు మూసింది. ప్రేమించినవాడే, ఆడిన మాట ఏమిటో తెలియకుండానే, తన ప్రేమను తన చేతులతో పల్లకీ ఎక్కించాడు. ఇంత చిన్న మాట మీద ఇంత పెద్ద కథ నిలబెట్టడం మహాశిల్పికే చెల్లు.

‘మల్లీశ్వరి’ వచ్చిన 1951 తెలుగు సినిమాకు స్వర్ణ సంవత్సరం. ఆ ఏడాది మార్చి 15న బి.ఎన్. రెడ్డిగారి తమ్ముడు బి. నాగిరెడ్డిగారు చక్రపాణిగారితో కలిసి, కె.వి. రెడ్డిగారి దర్శకత్వంలో ‘పాతాళభైరవి’ని అందించారు. తొమ్మిది నెలలకు అన్నగారి ‘మల్లీశ్వరి’ వచ్చింది. రెండింటిలోనూ కథానాయకుడు నందమూరి తారక రామారావుగారే. రెండింటిలోనూ పేదవాడి మనసు కోటగోడల అవతల చిక్కుకుంది. ‘పాతాళభైరవి’లోని తోటరాముడికి దేవత వరమిచ్చింది. నాగరాజుకు మాత్రం ఏ దేవతా ప్రత్యక్షం కాలేదు, చేతిలో ఉన్నది ఉలి ఒక్కటే. అందుకే తోటరాముడికి ఈలలు వేసిన ఊళ్లే నాగరాజు కోసం కళ్లు తుడుచుకున్నాయి.

1939లో ‘వందేమాతరం’తో వాహినీ ప్రస్థానం మొదలుపెట్టి, ‘సుమంగళి’, ‘దేవత’, ‘స్వర్గసీమ’ల మీదుగా బి.ఎన్. రెడ్డిగారు చేరిన శిఖరం ‘మల్లీశ్వరి’. హంపీ శిథిలాలు ఆయన మనసులో రేపిన ఊహకు బుచ్చిబాబుగారి నాటిక ‘రాయల కరుణకృత్యం’, దేవన్ షరార్ రాసిన ఒక కథ ఊతమిచ్చాయి. ఆ ఊహకు మాట, పాట సమకూర్చడానికి భావకవితా చక్రవర్తి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు తొలిసారి సినిమా గడప తొక్కారు. సాలూరు రాజేశ్వరరావుగారు స్వరాలు పేర్చారు, అద్దేపల్లి రామారావుగారు వాద్యగోష్ఠి నడిపారు, ఘంటసాలగారు నాగరాజుకు గొంతునిచ్చారు. భానుమతిగారు మల్లిగా నటించి, మల్లిగా పాడి, మల్లి అంటే మరో ముఖం గుర్తుకురాకుండా చేశారు. ఎ.కె. శేఖర్ కళ విజయనగరాన్ని మళ్లీ నిలబెడితే, ఆది ఇరానీ కెమెరా దాని మీద వెన్నెల కురిపించింది.

మాకు మరో గర్వం కూడా ఉంది. స్వరకర్త పుట్టింది సాలూరు దగ్గరి శివరామపురంలో. కవి పుట్టింది పిఠాపురం ప్రాంతంలో. మా తాతలు ఓడలెక్కిన నేల అదే, వాళ్లు గుండెల్లో మోసుకొచ్చిన యాస, బాణీ, గాలి అవే. అంతఃపురంలో మల్లి, కొండరాళ్ల నడుమ నాగరాజు, ఇద్దరూ ఒకే మబ్బుకు తమ గోడు చెప్పుకునే పాట వింటుంటే, తూర్పు కనుమల మీద నుంచి బంగాళాఖాతం దాటి మా వీధి మీద కురిసే మబ్బు ఇదేనేమో అనిపిస్తుంది. ఉత్తరాలు అందని కాలంలో, రాసుకోవడం రాని మనుషులకు, మబ్బు కన్నా నమ్మకమైన రాయబారి ఎవరున్నారు?

ఇక ఈ 75 ఏళ్ల ప్రయాణం చూడండి. దానికి పదేళ్ల ముందు నాటి గాయంతో మొదలుపెట్టాలి. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. 1942లో లక్షలాది భారతీయులు అరకాన్, మణిపూర్ కొండదారుల్లో కాలినడకన స్వదేశం బాట పట్టారు. ఆ గాయానికి పదేళ్లు నిండే వేళకు, 1951 డిసెంబర్‌లో, ఎడబాటు గురించి తెలుగువారికి ఒక ఓదార్పు దొరికింది. దాని పేరు ‘మల్లీశ్వరి’. 1953లో ఆ చిత్రం చైనా ప్రేక్షకుల ముందుకు వెళ్లి, తెలుగు తెర ఖ్యాతిని సరిహద్దులు దాటించింది. 1962 తర్వాత ఇక్కడి వ్యాపారాలు జాతీయమై, మళ్లీ లక్షలమంది మూటాముల్లె సర్దుకుని ఓడలెక్కారు. విశాఖ కంచరపాలెంలో బర్మాక్యాంపు పేరు ఆనాటి గుర్తుగా నేటికీ నిలిచి ఉంది. వెళ్లినవారు అక్కడా, ఉండిపోయినవారు ఇక్కడా, ఒకే పాటలను పాడుకుంటూ వచ్చారు.

1974 సంవత్సరానికి బి.ఎన్. రెడ్డిగారికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం లభించింది. 1976లో కృష్ణశాస్త్రిగారు పద్మభూషణులయ్యారు. 2003లో భానుమతిగారిని పద్మభూషణ్ వరించింది. గ్రామఫోన్ రికార్డు నుంచి రేడియోకు, రేడియో నుంచి క్యాసెట్‌కు, క్యాసెట్ నుంచి చేతిలోని ఫోనుకు పాట ఇల్లు మారుతూ వచ్చింది కానీ వయసు మార్చుకోలేదు. 2022లో ఘంటసాలగారికీ, రాజేశ్వరరావుగారికీ, 2023లో తారక రామారావుగారికీ, 2025లో భానుమతిగారికీ నూరేళ్లు నిండాయి. సృష్టికర్తల శతజయంతులు ఒక్కొక్కటిగా జరిగిపోయాక, ఇప్పుడు సృష్టికి పండుగ వచ్చింది. కన్నవారంతా నూరేళ్ల గడప దాటారు, కన్నబిడ్డ మాత్రం నవయౌవనంలో ఉంది. ఇంతకన్నా కళకు విజయమేముంది!

‘మల్లీశ్వరి’ మనకు చేసిన సేవ వినోదంతో ముగిసేది కాదు. మాట ఎంత మెత్తగా ఉండవచ్చో నేర్పింది. కేకలు లేకుండా ప్రేమ చెప్పవచ్చని, ఖడ్గం లేకుండా పోరాడవచ్చని చూపింది. ఏలేవాడి గొప్పతనం శిక్ష వేయడంలో కాక, తన వేడుక వల్ల ఇద్దరు పేదలు నలిగిపోయారని గుర్తించి క్షమించడంలో ఉందని చెప్పింది. మా పిల్లలు బడిలో బర్మా భాష చదువుతారు, సంతలో బర్మా భాష మాట్లాడతారు. అది వారి దేశభాష, వారికి అన్నం పెట్టే భాష. తెలుగు మాత్రం వారికి అమ్మమ్మ ఒళ్లో, పెళ్లిపందిట్లో, ఇలాంటి పాటల్లో దొరుకుతుంది. ‘బావా’ అనే పిలుపులో ఎంత తీపి ఉంటుందో మా ఇంటి పిల్లకు ఏ వాచకమూ చెప్పలేదు, మల్లి చెప్పింది.

అందుకే ఓ మల్లీశ్వరీ! దినదిన ప్రవర్ధమానవై వర్ధిల్లు. శతమానం భవతి అని నిన్ను దీవించడం మాకు ఆశ మాత్రమే కాదు, నమ్మకం కూడా. 2051లో నీ శతవసంతాల వేడుకకు ఈ అక్షింతలు చల్లిన చేతులు కొన్ని ఉండకపోవచ్చు. కానీ ఈ వీధిలోనే, ఇలాంటి వానలోనే, ఎవరో ఒక మనవరాలు నీ పాటకు తాళం వేస్తూ ఉంటుంది. అందుకు నువ్వు చెక్కుచెదరకుండా చేరాలి. నీ బొమ్మను, నీ ధ్వనిని శుభ్రపరచి, పదిలపరచి ముందు తరాలకు అందించే బాధ్యతను తెలుగు ప్రభుత్వాలు, చిత్రపరిశ్రమ తమ భుజాన వేసుకోవాలని మా విన్నపం.

పాఠకులకు ఒక్క మాట. ఈ డిసెంబర్ 20 సాయంత్రం మీ ఇంట్లో పెద్దవారెవరైనా ఉంటే, వారి పక్కన కూర్చుని ‘మల్లీశ్వరి’ చూడండి. నాగరాజు ఊరు విడిచేటప్పుడు ఒక్క క్షణం తెర మీద నుంచి చూపు తిప్పి వారి ముఖం చూడండి. తర్వాత, మీ ఇంట్లో రంగం పోయినవారెవరో అడిగి తెలుసుకోండి.