నందికొండకు బాట వేయించిన ముక్త్యాల రాజా

విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోతుంటే చుట్టూ కొండలు, నడుమ సముద్రంలాంటి సరస్సు. ఆచార్య నాగార్జునుడు అక్కడ రసవాదం సాధించాడన్న కథలూ, నీట మునిగిన ఇక్ష్వాకుల విజయపురి సంగతీ లాంచీలో అందరూ చెప్పుకుంటారు. ఆ కొండ దీవిగా మారడం వెనుక మన జగ్గయ్యపేట వైపు మనిషి ఒకరున్నారని మాత్రం చెప్పేవారు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన శ్రీ వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గారు. ముక్త్యాల రాజా అంటేనే మనవాళ్లకు తెలుస్తుంది. ముక్త్యాల కృష్ణ ఒడ్డునే ఉన్నా నది పల్లంలో, చేలు మెట్టన. వాన కురిస్తేనే పంట.

ఆ రోజుల్లో మద్రాసు ప్రభుత్వం కృష్ణ నీటిని దక్షిణానికి మళ్లించే కృష్ణా–పెన్నా పథకం తలపెట్టింది. అది సాగితే మన మెట్ట సంగతి అంతే. రాజా గారు రైతులను కూడగట్టారు, ఇంజనీర్లచేత లెక్కలు కట్టించారు, పై అధికారుల చుట్టూ తిరిగారు. 1952లో ఖోస్లా కమిటీ వచ్చింది. నందికొండకు కారు పోయే దారి లేదు. దారి లేదన్న సాకుతో చూడకుండానే పోతారేమోనని ఆయన చుట్టుపక్కల పల్లెల జనాన్ని పిలిచి వారం రోజుల్లో బాట వేయించారు. కమిటీ వెళ్లి చూసింది, అనువైన చోటని తేల్చింది. దారి లేదని ఫైలు మూసేయడం ఎంత తేలికో గుమాస్తాగిరీ చేసిన మనకు తెలియనిది కాదు.

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 124 మీటర్ల ఎత్తు రాతి కట్ట, 26 గేట్లు. మునిగిపోయే కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదికీ, అనుపుకూ తరలించారు. అన్నట్టు, మన జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన శాసనం విజయపురి ఏలిన వీరపురుషదత్తుడి కాలానిదే. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలారు.

ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం దాటి చివరికి మన జగ్గయ్యపేట, నందిగామ వైపు వస్తుంది. చివరి భూములంటే తెలిసిందేగా, పైవాళ్లు తడుపుకోగా మిగిలిందే. 2014 నుంచి కాలువ తల ఒక రాష్ట్రంలో, తోక మరో రాష్ట్రంలో. నారు పోసి కాలువ వంక చూస్తూ కూర్చున్న ఏళ్లు మా ఇంట్లోనూ ఉన్నాయి. నీళ్లు అందిన ఏడు మాత్రం మా నాన్నగారు గట్టు మీద నిలబడి, పార ఆనించుకుని, ముక్త్యాల రాజా గారిని తలచుకునేవారు.