మరియా మాంటిసోరి: పిల్లల యింటిలో ఉపాధ్యాయిని

మన ప్రాంతమున ఏ పట్టణమునకు పోయినను మాంటిసోరి పాఠశాల యను పలక యొకటి కంటబడకపోదు. ఆ పలక దాటి లోనికి పోయి చూచినచో, పెక్కుచోట్ల నాలుగేండ్ల పసివారు బల్లలపై వరుసగా కూర్చుండి, చేతులు కట్టుకొని, ఉపాధ్యాయిని పలికినదానిని గొంతెత్తి వల్లించుచుందురు. ఆ పేరుగల స్త్రీ నలుబదియైదేండ్లపాటు ఏ పద్ధతిని మాన్పుటకై పాటుపడెనో, ఆ పద్ధతియే ఆమె పేరిట సాగుచుండుట వింత. ఈ రజతోత్సవ సంచికలో ఆమె జీవితమును చెప్పుకొనుటకు ఇదియొక కారణము. మన గ్రంథాలయమునకు సాయంకాలము వచ్చు చందాదారులలో చాలమంది వ్రేలు పట్టుకొని ఒక చిన్నవాడో చిన్నదియో వచ్చుచుండుట రెండవ కారణము.

మరియా మాంటిసోరి 1870వ సంవత్సరము ఆగష్టు 31వ తేదీన ఇటలీ దేశమున అంకోనా నగరమునకు చేరువనున్న కియరవల్లె యను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వ పొగాకు శాఖలో ఉద్యోగి, పాతకాలపు మనిషి. తల్లి రెనీల్డె చదువుపై మక్కువగల యిల్లాలు. కుటుంబము 1875లో రోము నగరమునకు చేరెను. పదుమూడవ యేట మరియా మగపిల్లలు చదువుకొను సాంకేతిక పాఠశాలలో చేరెను. పిదప వైద్యము చదువుదునని పట్టుపట్టెను. తండ్రికి ఇష్టము లేదు, తల్లి అండగా నిలిచెను. పురుషుల నడుమ స్త్రీ శవచ్ఛేదము చేయుట మర్యాద కాదని, అందరును వెడలిపోయిన పిదప ఆమెను ఒంటరిగా ఆ గదిలో పని చేసికొననిచ్చెడివారు. ఆ విధముగా చదివి 1896లో వైద్య పట్టము పుచ్చుకొనెను. ఇటలీలో ఆ పట్టము పొందిన మొదటి కొద్దిమంది స్త్రీలలో ఆమె యొకతె.

వైద్యురాలిగా ఆమె చూచిన మొదటి పిల్లలు బుద్ధిమాంద్యము గలవారు. ఆనాడు రోములో అట్టి పిల్లలను పిచ్చివారితోపాటు ఒకేచోట ఉంచుచుండిరి. చేతికి పట్టుకొనుటకు ఏమియు లేని బోడిగదిలో ఉన్న ఆ బిడ్డల ఆకలి కడుపుది మాత్రమే కాదనియు, చేతులకును కన్నులకును ఆకలి యుండుననియు ఆమె గ్రహించెను. ఇటార్, సెగువాన్ అను ఫ్రెంచి వైద్యులు అట్టి పిల్లలకై వ్రాసిన గ్రంథములను తన చేతితో ఇటాలియను భాషలోనికి వ్రాసికొనుచు చదివెను. 1900లో రోమున అట్టి పిల్లలకై యొక పాఠశాల వెలసినప్పుడు దానిని నడపిన యిద్దరిలో ఆమె యొకతె. అందు కొందరు పిల్లలు చదువు వ్రాత నేర్చి, మామూలు పిల్లలతోపాటు పరీక్షలో నెగ్గిరి. లోకము ఆమెను మెచ్చుకొనుచుండగా ఆమె మనస్సు వేరొకచోట ఉండెను. మందబుద్ధులే ఇంత నేర్చినచో, ఏ లోపము లేని పిల్లలను మన బడులు ఇంత తక్కువ స్థితిలో ఎట్లు నిలుపగలుగుచున్నవి యని ఆమె చింతించెను.

ఆ పాఠశాలలో రెండవవాడు జుసెప్పె మోంతెసానో యను వైద్యుడు. వారిరువురికి 1898 మార్చి 31న మారియో యను కుమారుడు కలిగెను. వివాహము జరుగలేదు, తరువాత ఆ వైద్యుడు వేరొకతెను పెండ్లాడెను. లోకాపవాదమునకు వెరచి బిడ్డను పల్లెటూరిలో నొక కుటుంబమున పెంపునకిచ్చిరి. తల్లి అప్పుడప్పుడు పోయి చూచి వచ్చుచుండెడిది, కాని తాను ఎవరో చెప్పెడిది కాదు. పరుల పిల్లలను గమనించుటకే జీవితమును ధారపోసిన స్త్రీ తన బిడ్డ తొలి యడుగులను చూడజాలకపోయెను. ఈ సంగతిని కొందరు ఆమె కథలో చెప్పకుండ విడిచిపెట్టుదురు. అట్లు విడుచుట సరి కాదని నా తలంపు.

1907 జనవరి 6వ తేదీన రోములో సాన్ లోరెంజో యను పేదల పేటలో ఆమె పిల్లల యిల్లు తెరువబడెను. దాని పుట్టుక ఏమంత ఘనమైనది కాదు. ఒక గృహనిర్మాణ సంఘము అచ్చటి పాడువడిన ఇండ్లను బాగుచేసి కూలివారికి అద్దెకిచ్చెను. తల్లిదండ్రులు పనులకు పోగా ఒంటరిగా మిగిలిన పసివారు మెట్లను గోడలను పాడుచేయసాగిరి. మరమ్మతుల ఖర్చు కంటె పిల్లలను ఒక గదిలో కాపాడుటయే చవుకయని సంఘమువారు లెక్కగట్టి మాంటిసోరిని పిలిచిరి. మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకు వయసుగల పిల్లలు సుమారు యేబదిమంది. వారికి పెద్ద బల్లలు గాక, పసివాడే ఎత్తుకొని జరుపుకొనగల చిన్నకుర్చీలను ఆమె చేయించెను. ఉపాధ్యాయినిగా శిక్షణ లేని యొక యువతిని నియమించెను. బడిపంతులు చదువు చదివినవారికి నోరు మూసికొనుట కష్టమనియు, ఏమియు తెలియని పిల్లకు అది సులభమనియు ఆమె తలచెను.

తొలి దినములలో జరిగిన యొక సంఘటన చెప్పెదను. మూడేండ్ల పాప యొకతె కొయ్యదిమ్మెలోని రంధ్రములలో బిరడాలను దిగవేయుచుండెను. పది రంధ్రములు, పది బిరడాలు. ఒక్కొక్కటి ఒక్కొక్క కొలత. ఒకటి తప్పుచోట వేసినచో కడపటిది మిగిలిపోవును. కావున తప్పు జరిగినదని చెప్పుటకు వేరొకరు అక్కరలేదు, దిమ్మెయే చెప్పును. ఆ పాప అన్నిటిని వేసి, మరల తీసి, మరల వేయుచుండెను. మాంటిసోరి లెక్కపెట్టసాగెను. తక్కిన పిల్లలచేత పాట పాడించెను. పాప తల యెత్తలేదు. కుర్చీతో సహా ఆమెను ఎత్తి బల్లపై నుంచెను. పాప దిమ్మెను ఒడిలోనికి లాగుకొని పని సాగించెను. నలుబది మార్లకు పైగా చేసి, హాయిగా నిదుర లేచినదానివలె చుట్టును చూచి, తానే మానెను. పసివారికి మనసు నిలువదను మాట నాటినుండి ఆమె నమ్మలేదు.

అట్లయిన ఉపాధ్యాయిని పని ఏమి? ఇదియే ఆమె తక్కిన జీవితమంతయు విడదీసి చూపిన ప్రశ్న. ఆమె తన బడిలో ఉపాధ్యాయిని యను పేరునే మాని నిర్దేశకురాలు అను పేరు పెట్టెను. చిన్నవానికి పాఠము చెప్పుట యొక్క నిమిషము పని. ఎఱ్ఱపలకను నీలిపలకను ముందుంచి ఇది ఎఱ్ఱనిది, ఇది నీలిది యని మాత్రము చెప్పవలెను. పిదప ఎఱ్ఱనిది ఏదో చూపుమని అడుగవలెను. కడపట ఒకటి చూపి, ఇదేమి యని ప్రశ్నింపవలెను. నడుమ పిల్లవాడు తప్పినచో దిద్దరాదు, గద్దింపరాదు, మరల అడుగరాదు. చిరునవ్వుతో ఆ పలకలను తీసివేసి వేరొక దినము వరకు ఆగవలెను. ఈ పద్ధతి సెగువాన్‌ది. తప్పు దిద్దని ఆ మౌనమును కాపాడుటలో ఆమె తీసికొన్న శ్రద్ధ ఆమెది. బిడ్డ తప్పు చెప్పగానే మన నాలుక ఎట్లు దురదపెట్టునో తల్లిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు.

నాలుక ఒక్కటియే కాదు, చేతులను కూడ ఆపుకొనవలెను. ఒకనాడు నీటితొట్టెలో తేలు బొమ్మల చుట్టును పిల్లలు మూగిరి. రెండున్నరేండ్ల బుడుతడొకడు వెనుక చిక్కెను. తోసికొనిపోవ బలము లేదు. చుట్టును చూచి, ఒక చిన్నకుర్చీ కనుగొని, దానిని లాగి ఎక్కి చూడవచ్చునని తోచి, వెలుగుచున్న మొగముతో అటు నడచెను. ఇంతలో అచ్చటి ఉపాధ్యాయిని జాలిపడి వానిని చటుక్కున ఎత్తి బొమ్మలను చూపెను. బొమ్మలు కనబడెను గాని మొగములోని వెలుగు ఆరిపోయెను. ఆ ఉపాధ్యాయిని చేసినది దయగల పని. ఆ దయయే అడ్డమయ్యెనని మాంటిసోరి వ్రాసెను.

దీనిని విని కొందరు ఉపాధ్యాయినులు చేతులు ముడుచుకొని కూర్చుండిరట. పిల్లలు బల్లలపై కాళ్లు పెట్టినను, ఒకరినొకరు తోసికొన్నను చూచుచు ఊరకుండిరి. అప్పుడు ఆమెయే లేచి ఆ యల్లరిని ఆపవలసివచ్చెను. ఒకరిని నొప్పించు చేష్టను, వస్తువులను పాడుచేయు చేష్టను వెంటనే ఆపవలెను. పనిలో మునిగినవానిని మాత్రము మెచ్చుకొనుటకైనను కదపరాదు. ఈ రెంటి తేడాను తెలిసికొనుటకు గంటలకొలది చూడవలెను. చూచుటయే ఆమె ఉపాధ్యాయినులకు నేర్పిన ముఖ్యవిద్య. ఇంక తెల్లవారుసరికి వస్తువులను తుడిచి, విరిగినదానిని తీసివేసి, ప్రతిదానిని దాని చోట నుంచుట రెండవ విద్య. వినుటకు చిన్నపని వలె నుండును.

బీరువా సంగతి మన గ్రంథాలయ సభ్యులు ప్రత్యేకముగా వినదగినది. మొదట వస్తువులన్నియు పెద్ద బీరువాలో ఉండెడివి. తాళము ఉపాధ్యాయిని యొద్ద. ఒకదినము ఆమె తాళము వేయుట మరచి, మరునాడు ఆలస్యముగా వచ్చెను. పిల్లలు తలుపు తెరచి ఎవరికి కావలసినది వారు తీసికొని పనిలో మునిగియుండిరి. ఆమె దానిని దొంగతనమని తలచెను. మాంటిసోరి మాత్రము, వీరు వస్తువులను ఎరిగి ఏరుకొనగలవారైరని సంతోషించి, పెద్ద బీరువాకు మారుగా పిల్లల చేతికి అందు పొట్టి అరలను తాళము లేకుండ చేయించెను. మన గ్రంథాలయమున పిల్లల పుస్తకములు ఏ యెత్తున నున్నవో ఈసారి వచ్చినప్పుడు చూడుడు.

చదువు వ్రాతలను ఆ వయసువారికి చెప్పవలెనని ఆమె మొదట తలపలేదు. చదువురాని తల్లులే వచ్చి వేడుకొనిరి. గరుకు కాగితముతో అక్షరములను కత్తిరించి అట్టలపై అంటించి, పిల్లలచేత వ్రేళ్లతో తడివించుచు వాని ధ్వనులను చెప్పించెను. నెలలు గడచెను. ఎండగానున్న యొక శీతకాలపు దినమున మేడపై ఆమె ప్రక్కన కూర్చున్న అయిదేండ్ల పిల్లవానికి సుద్దముక్క ఇచ్చి పొగగొట్టము బొమ్మ గీయుమనెను. వాడు గీచి, ఆగి, హఠాత్తుగా దాని ప్రక్కన మాటలు వ్రాసి, తనకు వ్రాయ వచ్చినదని కేకలు వేసెను. తక్కినవారును సుద్దముక్కలకై ఎగబడిరి. ఆ మాటలను వానికి ఎవరును వ్రాసి చూపలేదు.

1909లో ఆమె ఈ అనుభవములను గ్రంథముగా వ్రాసెను. అది పలుభాషలలోనికి పోయెను. అమెరికాలో ఘనస్వాగతము లభించెను. 1915లో సాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనశాలలో గాజుగోడల గదిలో పిల్లలు పని చేయుచుండగా జనులు వెలుపల నిలిచి చూచిరి. తల్లి మరణానంతరము మారియో ఆమె యొద్దకు చేరెను. కాని చాలకాలము లోకమునకు బంధువుగానో పెంపుడు కొడుకుగానో తెలుపబడెను.

ఆమెలో లోపములు లేకపోలేదు. శిక్షణ తానే ఇవ్వవలెనని, సామగ్రి తాను మెచ్చినచోటనే తయారు కావలెనని పట్టుపట్టుటచే పేదల పేటలో పుట్టిన చదువు కలవారి పిల్లలకే ఎక్కువగా దక్కెను. మన దేశముననే గుజరాతున గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరము స్థాపించి, ఆమె భావములను కైకొని, వానికి కథలను ఆటలను చేర్చి పల్లెలకు తగినట్లు మలచెను. ఆమె కల్పితకథలకు అంత చోటీయలేదు. ఈ విషయమున నేను గిజుభాయి పక్షము. ఇంకొక పెద్ద పొరపాటు, 1924 మొదలు పదేండ్లపాటు ముస్సోలినీ ప్రాపును స్వీకరించుట. పిల్లలకు స్వేచ్ఛ కోరిన చదువు నియంత నీడలో ఎంతకాలము నిలుచును? 1934 నాటికి ఆ సంబంధము తెగి, ఇటలీలో ఆమె బడులు మూతపడెను. స్పెయినులో నుండగా 1936లో అంతర్యుద్ధము రేగుటచే హాలెండు చేరెను.

1939 నవంబరులో దివ్యజ్ఞాన సమాజమువారి ఆహ్వానముపై మారియోతో మద్రాసు వచ్చెను. అప్పటికి గిజుభాయి మరణించి అయిదు నెలలే అయ్యెను. మద్రాసు నాడు మన ఆంధ్ర జిల్లాలకు కూడ రాజధాని. అడయారులో సుమారు 300 మంది ఉపాధ్యాయులు ఆమె శిక్షణ పొందిరి. ఆమె ఇటాలియనులో చెప్పగా మారియో వాక్యము వెంట వాక్యము ఆంగ్లములో చెప్పెడివాడు. 1940 జూనులో ఇటలీ యుద్ధములో దిగగా వీరు శత్రుదేశస్థులైరి. మారియోను అహమ్మదునగరమున నిర్బంధించిరి. ఆమెను అడయారు విడువరాదనిరి. ఆగష్టు 31న ఆమెకు డెబ్బదియేండ్లు నిండిన సందర్భమున రాజప్రతినిధి మారియోను విడిపించెను. ఆ వార్తలో అతనిని ఆమె కుమారుడనియే పేర్కొనిరి. నలుబదేండ్లకు పైగా ఆమె నోట వెలుపలికి రాని మాట పరప్రభుత్వమువారి తంతిలో వచ్చెను.

యుద్ధకాలమున కొంత భాగము కొడైకెనాలులో గడపి, అచ్చట వేర్వేరు వయసుల పిల్లలను ఒకే గదిలో పెట్టి నేర్పెను. మన తల్లులు చంటిబిడ్డలను చంకనెత్తుకొని పొలమునకు, సంతకు, గుడికి తీసికొనిపోవుటను ఆమె ఆసక్తితో గమనించెను. పుట్టిన నాటినుండి మూడేండ్ల వరకు బిడ్డ ఎవరును నేర్పకయే భాషను, నడవడిని పీల్చుకొనునని ఆమె చేసిన ఉపన్యాసములు 1949లో అడయారునుండి గ్రంథముగా వెలువడెను. 1946లో యూరపునకు పోయి, మరల మరుసటి యేడు వచ్చి, 1949లో మన దేశమును కడసారి విడిచెను.

1952 మే 6వ తేదీన హాలెండులో నోర్డువైకు అను సముద్రతీర గ్రామమున, 81వ యేట, మారియో ఆ యింటిలోనే యుండగా ఆమె మరణించెను. ఆఫ్రికాకు పోయి అచ్చటి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చు విషయము వారు అప్పుడే మాటలాడుకొనియుండిరి. ఎక్కడ మరణించిన అక్కడనే పూడ్చవలెనని ఆమె కోరిక. ఆ గ్రామముననే సమాధి గలదు. మరణశాసనములో తన సర్వస్వమును కుమారుడు మారియోకు వ్రాసెను.