రాసే చేతిని నరికారు: ఇమ్రోజ్ ఎడిటర్ షోయబుల్లా ఖాన్

1948లో మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు మద్రాసు ప్రావిన్సులోని కర్నూలు జిల్లాలో ఉండేవి. ఇక్కడ స్వాతంత్ర్యం వచ్చి ఏడాది అయింది. నల్లమల దాటి, కృష్ణ దాటితే మాత్రం ఇంకా నిజాం రాజ్యమే. ఆ రాజ్యంలో, హైదరాబాద్ నగరంలో, 27 ఏళ్ల ముస్లిం ఎడిటర్ ఒకరు తను నమ్మింది రాసినందుకు ప్రాణం పోగొట్టుకున్నారు. ఆయనే షోయబుల్లా ఖాన్.

ఆయన 1920 అక్టోబర్ 17న వరంగల్ ప్రాంతంలోని మహబూబాబాద్ దగ్గర పుట్టారు. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు శాఖలో పనిచేసేవారు. షోయబుల్లా ఉస్మానియాలో బీఏ చదివారు. ఆ రోజుల్లో ఆ డిగ్రీ ఉంటే నిజాం సర్కారులో మంచి నౌకరీ దొరికేది. ఆయన మాత్రం పత్రికల్లో చేరారు. మొదట తేజ్ వారపత్రికలో, తర్వాత మందుముల నర్సింగరావు గారి రయ్యత్‌లో పనిచేశారు. సర్కారు రయ్యత్‌ను మూయించింది.

ఇంకొకరైతే అక్కడితో ఆగిపోయేవారు. ఆయన 1947 నవంబర్‌లో ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రిక సొంతంగా పెట్టారు. ఇమ్రోజ్ అంటే ఈ రోజు అని అర్థం. బూర్గుల రామకృష్ణారావు గారు అండగా నిలిచారు. ఇంట్లో ఆడవాళ్ల నగలు కూడా పత్రిక కోసమే పోయాయని ఆయన జీవితం గురించి రాసినవాళ్లు చెబుతారు.

ఇమ్రోజ్ ఎటూ కాకుండా మధ్యలో నిలబడిన పత్రిక కాదు. హైదరాబాద్ సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలవాలని బాహాటంగా రాసింది. రజాకార్ల దౌర్జన్యాలనూ రాసింది. ఇదే మాట కొందరు ముస్లిం ప్రముఖులు ప్రకటనగా ఇస్తే, దాన్నీ అచ్చు వేసింది. పత్రికకు సొంత అభిప్రాయం ఉండటం తప్పు కాదు. ఆ అభిప్రాయం భయానికో డబ్బుకో పుట్టిందైతేనే తప్పు. షోయబుల్లాకు నిజంగా కష్టమైంది వేరే ఉంది. గద్దె మీద ఉన్నది ముస్లిం ప్రభువు, వీధిలో ఆయుధం పట్టిందీ తన మతం వాళ్లే. పరాయివాళ్ల తప్పు రాస్తే మనవాళ్లు మెచ్చుకుంటారు. మనవాళ్ల తప్పు రాస్తే గద్దార్ అంటారు. ఆ మాట పడటానికి ఆయన సిద్ధపడ్డారు.

బెదిరింపులు వచ్చాయి. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ 1948 ఆగస్టు 19న సభ పెట్టి, తమ మీదికి లేచే చేతులు తెగిపడతాయని హెచ్చరించాడు. రెండు రోజులకే అన్నంత పనీ అయింది. ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని, బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి కాచిగూడలో ఇంటికి నడిచి వెళ్తుండగా దుండగులు అటకాయించారు. తుపాకీతో కాల్చి, రాసే చేతిని నరికారు. అడ్డుపడ్డ ఇస్మాయిల్ ఖాన్ కూడా తీవ్రంగా గాయపడ్డారు. తెల్లవారేసరికి షోయబుల్లా కన్నుమూశారు. నెల తిరక్కుండానే, సెప్టెంబర్ 17న, నిజాం లొంగిపోయాడు. ఆయన కోరుకున్న విలీనం జరిగింది, చూడటానికి ఆయనే లేరు.

ఇప్పుడు మార్కాపురంలోనో, గిద్దలూరులోనో, కంభంలోనో వార్త రాసే కుర్రాడి మీదికి కత్తి పట్టుకుని ఎవరూ రాకపోవచ్చు. చాలా పత్రికల్లో మండల విలేకరికి జీతం ఉండదు. వార్తలు రాసే మనిషే పండక్కి, పుట్టినరోజుకి యాడ్‌లు తేవాలి. యాడ్ ఇచ్చిన నాయకుడి మీద మర్నాడు వార్త రాయాలంటే పెన్ను ఆగుతుంది. మసీదు కమిటీ లెక్కలో, వక్ఫ్ భూమి ఆక్రమణో రాయాలంటే బంధువులే ఫోన్ చేసి, మన పరువు బజారున పెడతావా అంటారు. చేయి నరక్కుండానే రాత ఆగిపోతుంది.

షోయబుల్లా పత్రిక ఏడాది కూడా నడవలేదు. ఆ కొద్ది నెలల్లో ఆయన పోగొట్టుకున్నవి ఇంటి సొమ్ము, చివరికి ప్రాణం. కలం మాత్రం ఎవరికీ అప్పజెప్పలేదు.