గాజు పలక మీద బొమ్మ గీసిన ముసవ్విర్ జంగ్

గన్నవరం, విజయవాడ వైపు కొన్ని ముస్లిం ఇళ్లలో పెళ్లి కుదిరిందంటే ఆడవాళ్ల వైపు ఫొటోలకి లేడీ ఫొటోగ్రాఫర్ దొరుకుతుందా లేదా అని ముందే వాకబు చేస్తారు. ఇదేదో కొత్త ఫ్యాషన్ కాదు. 1892లోనే హైదరాబాద్‌లో పర్దా పాటించే ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచారు. తెరిచింది లాలా దీన్ దయాళ్.

ఆయన పుట్టింది 1844లో, మీరట్ దగ్గర సర్ధనాలో, ఒక జైన కుటుంబంలో. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. అంటే కెమెరా పట్టకముందే ఆయన చేతికి గీత అలవాటు. ఫొటోల్లో గోడలు ఒరగకుండా, స్తంభాలు వంకరపోకుండా నిలబడటానికి ఆ పాత ఉద్యోగమే కారణం అనిపిస్తుంది. 1874 ప్రాంతంలో సరదాగా మొదలైన ఫొటోగ్రఫీ చివరికి ఉద్యోగాన్నే మాన్పించింది. 1885లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ని దర్బారు ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకున్నారు. మరుసటి ఏడాది సికింద్రాబాద్‌లో స్టూడియో వెలిసింది.

దీన్ దయాళ్ అనగానే నవాబులు, వేట, పులులు గుర్తొస్తాయి. ఆగి చూడాల్సినవి వేరే ఉన్నాయి. బషీర్‌బాగ్, ఫలక్‌నుమా లాంటి మహళ్ల లోపల తీసినవి. కుర్చీలు, అద్దాలు, తివాచీలు, పైన షాండ్లియర్లు. అప్పట్లో ఇళ్ల లోపల వెలుతురు తక్కువ, గాజు పలకకి ఆ వెలుతురు చాలదు. లెన్స్ చాలాసేపు తెరిచి ఉంచాలి. అంతసేపట్లో మనిషి కదిలితే మసకబారిపోతాడు. కుర్చీ కదలదు, గాజు కదలదు. కిటికీ వెలుగు ఒక పక్క నుంచి పడి, రెండో పక్క నీడలోకి జారిపోతుంటే, హాలెండ్ చిత్రకారులు పళ్లు, గ్లాసులు పెట్టి వేసిన పాత పెయింటింగులు గుర్తొస్తాయి. ఆ బషీర్‌బాగ్ మహల్ ఇప్పుడు లేదు, పేటకి పేరు మాత్రం మిగిలింది. అది ఎలా ఉండేదో తెలియాలంటే ఆ ఫొటోలే చూడాలి.

జనానా స్టూడియో సంగతి ఇంకో రకం. చుట్టూ ఎత్తైన గోడలు. నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు ఆమె, లోపల పనిచేసేవాళ్లూ ఆడవాళ్లే. ఫొటో తీయించుకోవడం ఒక ఎత్తు, ఆ పలక తర్వాత ఎవరి చేతికి పోతుందన్నది ఇంకో ఎత్తు. తస్వీర్ తీయించుకోవచ్చా లేదా అన్న చర్చ మనలో ఇప్పటికీ ఉంది. ఆ రోజుల్లో ఒక బేగం సాహెబా గడప దాటి కెమెరా ముందు కూర్చోవాలంటే ఎంత నమ్మకం కావాలో ఊహించుకోవచ్చు. ఆ భయాన్ని దీన్ దయాళ్ తీసిపారేయలేదు, దానికి తగ్గట్టు గోడ కట్టి, పనివాళ్లని మార్చారు. వ్యాపారం కోసమే కావచ్చు. అయినా మర్యాద మర్యాదే.

నిజాం ఆయనకిచ్చిన బిరుదు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్. ఉర్దూలో ముసవ్విర్ అంటే బొమ్మలు గీసేవాడు. కుంచె పట్టనివాడికి కుంచెవాడి పేరు! ఉర్దూలో గీసిన బొమ్మా తస్వీరే, తీసిన ఫొటో కూడా తస్వీరే కాబట్టి దర్బారులో ఎవరికీ అది వింతగా తోచి ఉండదు. నిజాం ఆయన్ని మెచ్చుకుంటూ ఒక షేర్ కూడా చెప్పారంటారు. 1897లో విక్టోరియా రాణి దగ్గర్నుంచీ గుర్తింపు వచ్చింది.

1905లో ఆయన పోయారు. ఆ స్టూడియోలో మిగిలిన గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రానికి 1989లో చేరాయి. నెగటివ్ కదా, షాండ్లియర్లు వాటిలో నల్లగా కనిపిస్తాయి.