నాలుగో తరగతి లెక్కల క్లాసులో స్కిన్నర్

మా అమ్మాయికి భిన్నాలు ఒంటబట్టకముందే స్కూల్లో దశాంశాలు మొదలైపోయాయి. టీచరుగారిని తప్పుపట్టను, పాతికమందిని పెట్టుకుని ఒక్క పిల్ల కోసం ఆగలేరు కదా! అందుకని ఇంట్లో రోజూ అరగంట ఆన్‌లైన్‌లో సాధన చేయిస్తున్నాను. ఒక మెట్టు పూర్తిగా వస్తేనే తర్వాతి మెట్టు తెరుచుకుంటుంది. ఈ పద్ధతి ఎక్కడిదా అని వెనక్కి వెతుక్కుంటూ పోతే బి.ఎఫ్. స్కిన్నర్ దగ్గర తేలాను.

ఆయన మనలో చాలామందికి పావురాల స్కిన్నర్‌గానే తెలుసు. 1904లో పెన్సిల్వేనియాలోని సస్క్వెహానా అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తండ్రి లాయరు. కాలేజీలో చదివింది ఇంగ్లీషు సాహిత్యం. డిగ్రీ అయ్యాక రచయిత కావాలని ఇంట్లో కూర్చుని, రాయడానికి తన దగ్గర ఏమీ లేదని తేల్చుకుని, 1928లో హార్వర్డ్‌లో సైకాలజీ చదవడానికి చేరారు. 1931లో పిహెచ్‌డి. యుద్ధకాలంలో బాంబును గురి వైపు నడిపేలా పావురాలకు శిక్షణ ఇచ్చారు. పావురాలు నేర్చుకున్నాయి గానీ ప్రభుత్వానికే నమ్మకం కుదరలేదు.

మనకు కావలసిన కథ 1953 నవంబర్ 11న మొదలవుతుంది. కేంబ్రిడ్జ్‌లో ఆయన చిన్న కూతురి స్కూల్లో ఆ రోజు తండ్రులను పిలిచారు. నాలుగో తరగతి, లెక్కల క్లాసు. స్కిన్నర్ వెనక కూర్చుని చూస్తున్నారు. కొందరు పిల్లలు చకచకా చేసేసి ఖాళీగా ఉన్నారు, కొందరు ముందుకు కదల్లేక అవస్థ పడుతున్నారు. చేసింది తప్పో ఒప్పో దిద్దిన కాగితం చేతికొస్తే గానీ ఎవరికీ తెలియదు. పావురానికైనా ఫలితం వెంటనే అందాలని తన ప్రయోగశాలలో తేల్చిన మనిషికి ఇది మింగుడుపడలేదు. కొద్ది రోజుల్లోనే ఒక యంత్రం తయారుచేశారు.

చిన్న పెట్టె. కిటికీలో లెక్క కనిపిస్తుంది. అంకెలున్న మీటలు జరిపి జవాబు పేర్చి, పిడి తిప్పాలి. ఒప్పయితే పిడి తిరిగి తర్వాతి లెక్క వస్తుంది, తప్పయితే పిడి కదలదు. అంతే!

1920ల్లోనే సిడ్నీ ప్రెస్సీ అనే ప్రొఫెసర్ ఇలాంటి యంత్రం ఒకటి చేశారు. అందులో ఇచ్చిన జవాబుల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. స్కిన్నర్‌కు అది నచ్చలేదు. తప్పు జవాబులు కళ్ళముందు పెడితే పిల్లలు వాటినీ నేర్చుకుంటారని ఆయన అభిప్రాయం. జవాబు వాళ్ళంతట వాళ్ళు కట్టుకోవాలన్నారు. ఇది చదివి నేను కాస్త ఉలిక్కిపడ్డాను. మా అమ్మాయి వాడుతున్న సైటులో నాలుగు ఆప్షన్లుంటాయి. ఒక రాత్రి పక్కన కూర్చుని చూస్తే, ఆకుపచ్చ రంగు వచ్చేదాకా ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకుంటూ పోతోంది. అలాగే మూడు మెట్లు ఎక్కేసింది!

పాఠాన్ని చిన్న చిన్న అడుగులుగా విడగొట్టాలని, ఎక్కువమంది ఒకేచోట తప్పుచేస్తే దిద్దాల్సింది పాఠాన్ని గాని పిల్లల్ని కాదని కూడా ఆయన పట్టుబట్టారు. ప్రోగ్రాములు రాసే వాణ్ణి కనుక ఈ మాట నాకు బాగా తగిలింది. మనమేమో బగ్ వస్తే ముందు యూజర్ని అనుమానిస్తాం.

యంత్రం మాత్రం బజారులో నిలబడలేదు. ఐబీఎం ఒప్పందం చేసుకుని ఏళ్ళతరబడి నాన్చింది. తర్వాత రీమ్ అనే కంపెనీ కూడా గట్టెక్కించలేదు. 1957లో స్పుత్నిక్ ఎగిరాక అమెరికా కంగారుపడి ఇలాంటి యంత్రాల వెంటపడింది గానీ, ఆ మోజు 60ల చివరికి తగ్గిపోయింది. ఇవి టీచర్లను తీసేస్తాయన్న విమర్శ ఆయన్ని వదల్లేదు. దిద్దే చాకిరీ యంత్రానికి వదిలేస్తే పిల్లలతో గడిపే సమయం టీచరుకు మిగులుతుందన్నది ఆయన వాదన. పిల్లల్ని పావురాలతో సమానం చేశారన్న విమర్శ కూడా ఉంది. సైటులో స్టార్ల కోసం మా అమ్మాయి ఆరాటం చూస్తే దాన్ని పూర్తిగా కొట్టిపారెయ్యలేను.

స్కిన్నర్ 1990 ఆగస్టు 18న లుకేమియాతో పోయారు. అంతకు ఎనిమిది రోజుల ముందు కూడా సభలో ప్రసంగించారు.

ఇప్పుడు మా ఇంట్లో జవాబు కాగితం మీద రాశాకే మౌస్ ముట్టుకోవాలి. ఎక్కడ ఆగిందో వారానికోసారి టీచరుగారికి ఈమెయిల్ పంపుతున్నాను, ఆవిడ ఆ భాగం మళ్ళీ చెబుతున్నారు. దొంగదారిన ఎక్కిన మూడు మెట్లూ దింపేశాం. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న రాత్రి మూడింట రెండు పెద్దదా, నాలుగింట మూడు పెద్దదా అని రొట్టె బొమ్మలు గీసుకుంటూ కూర్చుంది.