ముష్తాక్ అలీ: కింది వరుస నుంచి ఓపెనర్ దాకా

సయ్యద్ ముష్తాక్ అలీ ట్రోఫీ అంటే క్రికెట్ చూసే ప్రతి ఇంట్లోనూ తెలుసు. కానీ ఆ పేరు గల మనిషి గురించి ఈ తరం పిల్లలకు అంతగా తెలియదు.

ముష్తాక్ 1914 డిసెంబర్ 17న ఇండోర్‌లో పుట్టారు. కుర్రాడిలో ఆట ఉందని చిన్న వయసులోనే కనిపెట్టి చేరదీసింది సి.కె.నాయుడు. ఆయన నాగపూర్‌లోని తెలుగు కుటుంబంలో పుట్టినవారు, భారత జట్టు తొలి టెస్టు కెప్టెన్. 1934 జనవరిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఇంగ్లండ్‌పై ముష్తాక్ తొలి టెస్టు ఆడారు. అప్పుడాయనకు 19 ఏళ్లు. జట్టులోకి తీసుకున్నది ఎడమచేతి స్పిన్నర్‌గా, కాబట్టి బ్యాటింగ్ కింది వరుసలోనే దక్కింది.

అక్కడే ఆగిపోయి ఉంటే ఆయన బ్యాటింగ్ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. 1936 ఇంగ్లండ్ పర్యటనలో ఓపెనర్‌గా దిగారు. జులైలో మాంచెస్టర్ టెస్టు. తొలి ఇన్నింగ్స్‌లో భారత్ మొత్తం కలిపి 203కే ఆలౌట్. ఇంగ్లండ్ 571 కొట్టింది, అంటే 368 పరుగుల వెనకబాటు. రెండో ఇన్నింగ్స్‌లో ముష్తాక్, విజయ్ మర్చంట్ ఇద్దరే తొలి వికెట్‌కు 203 చేశారు. ముష్తాక్ 112, మర్చంట్ 114. విదేశీ గడ్డపై టెస్టు సెంచరీ కొట్టిన తొలి భారతీయుడు ముష్తాకే. మ్యాచ్ డ్రా అయింది.

ఆ తర్వాత యుద్ధం వచ్చింది. 1936 నుంచి 1946 దాకా భారత్ ఒక్క టెస్టూ ఆడలేదు. ముష్తాక్‌కు 21 నుంచి 31 ఏళ్ల మధ్య కాలం అలా పోయింది. అయినా జనం మరిచిపోలేదు. 1945లో కలకత్తా మ్యాచ్‌కు ఆయన్ను పక్కన పెడితే అభిమానులు గొడవకు దిగారు, సెలెక్టర్లు మళ్లీ తీసుకోక తప్పలేదు.

రికార్డు పుస్తకంలో ఆయన లెక్క 11 టెస్టులు, 20 ఇన్నింగ్స్, 612 పరుగులు, 2 సెంచరీలు. ఒకసారి నాటౌట్ కాబట్టి 19తో భాగిస్తే సగటు 32.21. చూడ్డానికి మామూలు అంకె. అయితే ఇందులో కింది వరుస ఇన్నింగ్స్, ఓపెనర్ ఇన్నింగ్స్ కలిసిపోయి ఉన్నాయి. కొత్త బంతిని ఎదుర్కొనే ఓపెనర్ కష్టం వేరు, జతగా నిలిచేవాళ్లు లేక ఆట ముగిసిపోయే ఎనిమిదో నంబర్ కష్టం వేరు. అందుకే గణాంకాలతో న్యాయంగా తూచాలంటే ఒకే స్థానంలో ఆడినవాళ్లనే పక్కపక్కన పెట్టి చూడాలి. అవకాశం లెక్క వేయకుండా పరుగుల లెక్క వేస్తే అన్యాయమే.

1952 ఫిబ్రవరిలో మద్రాసులో భారత్ తొలి టెస్టు విజయం సాధించింది. ముష్తాక్‌కు అదే చివరి టెస్టు. 2005 జూన్ 18న ఇండోర్‌లోనే, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.