ధర్మపురి తోటను మరువని మన్రో దొర

రాయలసీమ రైతులు దేవుడిలా తలచుకునే సర్ థామస్ మన్రోకు మన ధర్మపురితోనూ అనుబంధం ఉంది. 1761లో గ్లాస్గోలో పుట్టిన ఆయన 1780లో కంపెనీ సైన్యంలో చేరడానికి మద్రాసు వచ్చారు. తొలి రోజుల్లో జీతం చాలక ఇబ్బంది పడ్డారు. దిండుకు బదులు పుస్తకమో తూటాల సంచో తలకింద పెట్టుకునేవారు. ఆ కష్టాలనే నవ్వు పుట్టించేలా తోబుట్టువుకు ఉత్తరాల్లో రాశారు.

1792లో టిప్పు సుల్తాన్ బారామహల్‌ను కంపెనీకి వదులుకున్నాక, కెప్టెన్ రీడ్ కింద శిస్తు పని మన్రోకు అప్పగించారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఊరూరా తిరుగుతూ గుడారాల్లోనే బస. ధర్మపురిలో ఉన్నప్పుడు మాత్రం తీరిక వేళలు తోటకే ఇచ్చేవారు. పండ్ల చెట్లు ఆయనకు పాత స్నేహితులు. 1799లో బదిలీ అయినప్పుడు ఆ తోటను విడిచి వెళ్లలేక బాధపడ్డారు.

దొరకు తోట ఉంది, రైతుకు శిస్తు భారమే మిగిలింది. ఆ సంగతి ఆయన మరువలేదు. దత్తమండలాల కలెక్టరుగా 1807లో శిస్తును నాలుగో వంతు తగ్గించాలని సిఫారసు చేశారు. అప్పుడు పైవాళ్లు ఒప్పుకోలేదు. 1820లో గవర్నరయ్యాక తానే అమలు చేశారు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశారు. సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.

పని ఎంత బరువైనా, చేతికందే చిన్న సంతోషాన్ని ఆయన వదులుకోలేదు.